స్వభావంలో జన్యువుల పాలెంత, కష్టాల పాలెంత?

2003 జులైలో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం మానసిక శాస్త్రాన్ని పదిహేనేళ్లపాటు తన వెంట తిప్పుకుంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972 ఏప్రిల్ నుంచి 1973 మార్చి దాకా ఒకే ఆసుపత్రిలో పుట్టిన 1,037 మందిని పరిశోధకులు చిన్నప్పటి నుంచి వదలకుండా గమనిస్తూ వస్తున్నారు. వాళ్లకు 26 ఏళ్లు వచ్చేసరికి అవ్‌షలోమ్ కాస్పీ, టెరీ మాఫిట్‌ల బృందం ఒక ప్రశ్న మీద కూర్చుంది. ఉద్యోగం పోవడం, అప్పుల పాలవడం, జబ్బు చేయడం, ప్రేమించినవాళ్లు వదిలేసి వెళ్లడం... ఇవి చాలామందికి తప్పవు. కానీ కొందరే కుంగిపోతారు, మిగతావాళ్లు నెట్టుకొస్తారు. ఎందుకని?

జవాబు వాళ్లకు ఒక జన్యువులో కనిపించింది. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు పంపడానికి బయటికి వదిలే సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి లోపలికి లాక్కునే ప్రోటీన్ ఒకటుంది. డిప్రెషన్‌కు ఇచ్చే మందుల్లో చాలావరకు పనిచేసేది దీని మీదే. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు ముందుభాగంలో ఒక డీఎన్ఏ ముక్క కొందరిలో పొట్టిగా, కొందరిలో పొడుగ్గా ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి మనిషిలో ఇవి రెండుంటాయి. 21 నుంచి 26 ఏళ్ల మధ్య నాలుగు లేదా అంతకంటే ఎక్కువ కష్టాలు ఎదురైనవాళ్లను విడిగా తీసి చూశారు. పొట్టి ముక్క ఒక్కటైనా ఉన్నవాళ్లలో 33 శాతం మంది డిప్రెషన్‌లో పడ్డారు. రెండూ పొడుగువే ఉన్నవాళ్లలో 17 శాతమే. కష్టాలేవీ రానివాళ్లలో మాత్రం ఏ ముక్క ఉన్నా తేడా కనిపించలేదు.

ఇంతకుముందే, 1996లో, ఇదే జన్యువును స్వభావంతో ముడిపెట్టిన పరిశోధన ఒకటి వచ్చింది. 505 మందిని పరీక్షించి, త్వరగా కలత చెందే గుణంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 3 నుంచి 4 శాతం ఈ పొట్టి ముక్క వల్లేనని తేల్చారు. రెండూ కలిసేసరికి కథ అందంగా కుదిరింది. పుట్టుకతో ఒక బలహీనత ఉంటుంది. అది నిద్రపోతూ ఉంటుంది. కష్టం వచ్చి దాన్ని లేపుతుంది. జన్యువులా, పెంపకమా అని వందేళ్లుగా వాదులాడుకుంటున్న రెండు వర్గాలకూ చెరో సగం దక్కింది. పత్రికలు ఎత్తుకున్నాయి, పాఠ్యపుస్తకాలు ఎక్కించుకున్నాయి. ఆ పత్రాన్ని ఆధారంగా చూపిన వ్యాసాలు వేలల్లో వచ్చాయి. తెలుగులో మనసు గురించి రాసే కాలమ్‌లలో కూడా 'డిప్రెషన్ జన్యువు' అన్న మాట ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉంటుంది.

ఆ కథ నిలబడలేదు.

2009లో నీల్ రిష్ బృందం అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 14,250 మంది వివరాలను ఒకచోట పోసి లెక్క కట్టింది. కష్టాలు ఎక్కువైతే డిప్రెషన్ ఎక్కువవుతుందన్నది గట్టిగానే తేలింది. పొట్టి ముక్క ఉండటం వల్ల మాత్రం, విడిగా చూసినా కష్టాలతో కలిపి చూసినా, తేడా ఏమీ లేదు. వాదోపవాదాలు నడిచాయి. కష్టాలను సరిగ్గా కొలవని అధ్యయనాలను కలిపేశారని కాస్పీ వర్గం అంది. దాంతో ఇరుపక్షాల పరిశోధకులూ కూర్చుని, ఎలా లెక్కించాలో ముందే ఒప్పందం చేసుకుని, 38,802 మంది సమాచారాన్ని మళ్లీ పరిశీలించారు. ఫలితం 2018లో అచ్చయింది. ఆ జన్యువు, కష్టం కలిసి డిప్రెషన్‌ను పెంచుతాయనడానికి బలమైన ఆధారం దొరకలేదు. ఆ మరుసటి ఏడాది రిచర్డ్ బోర్డర్, మాథ్యూ కెల్లర్ తదితరులు ఇంకా పెద్ద అడుగు వేశారు. డిప్రెషన్‌కు కారణమని పేరుబడ్డ 18 జన్యువులను తీసుకుని, కొన్ని లెక్కల్లో నాలుగు లక్షలు దాటిన జనాభాలో పరీక్షించారు. కళ్లు మూసుకుని ఏరుకున్న ఏ 18 జన్యువులైనా ఎంత చెబుతాయో, ఇవీ అంతే చెప్పాయి.

ఇన్నేళ్లు ఇంతమంది ఎలా పొరబడ్డారన్నది తెలుసుకోదగ్గ విషయం. మొదటి కారణం, ఆ రోజుల్లో డీఎన్ఏ పరీక్ష ఖరీదు. కొన్ని వందల మందిలో ఒకట్రెండు జన్యువులను మించి చూసే వీలుండేది కాదు. కాబట్టి సెరటోనిన్‌కు సంబంధించిందేదో ఒకటి ఊహించి, దాని మీదే పందెం కాసేవారు. చిన్న గుంపుల్లో కాకతాళీయంగా వచ్చే తేడాలు పెద్దవిగా కనిపిస్తాయి. రెండోది ఇంకా చిక్కు. కష్టం అంటే ఏమిటి? ఒక అధ్యయనం గత ఏడాదిలో ఏం జరిగిందని అడుగుతుంది, ఇంకొకటి చిన్నతనంలో తిన్న దెబ్బలను లెక్కిస్తుంది, మరొకటి కేన్సర్‌నో భూకంపాన్నో తీసుకుంటుంది. ఇన్ని రకాలుగా కొలిచే స్వేచ్ఛ ఉన్నప్పుడు ఎక్కడో ఒకచోట కావలసిన ఫలితం రాక మానదు. అది రాని పరిశోధనలు అచ్చుకు నోచుకోక సొరుగుల్లో ఉండిపోతాయి. ఇందులో ఎవరూ కావాలని మోసం చేయలేదు. అలా చేసి ఉంటే ఇంత కాలం పట్టేది కాదేమో.

అయితే ఇక్కడే చాలామంది రెండో తప్పులో కాలేస్తారు. ఆ ఒక్క జన్యువు కథ పోయింది గనుక స్వభావానికి, పుట్టుకకు సంబంధమే లేదనుకుంటారు. కవలల అధ్యయనాలు అలా అనుకోనివ్వవు. డీఎన్ఏ అంతా ఒకటే అయిన సమరూప కవలలు, మనిషికీ మనిషికీ తేడా ఉండే డీఎన్ఏలో సగటున సగమే పంచుకునే మామూలు కవలలు, ఈ రెండు రకాల జంటలను పోల్చుతూ దశాబ్దాలుగా లెక్కలు వస్తున్నాయి. మానసిక శాస్త్రం స్వభావాన్ని మామూలుగా ఐదు పాయలుగా కొలుస్తుంది: కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమశిక్షణ, నలుగురిలో కలివిడితనం, ఎదుటివారితో సర్దుకుపోవడం, త్వరగా కలత చెందడం. 2015లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం వీటిలో మనుషుల మధ్య తేడాల్లో సుమారు 40 శాతం జన్యువుల తేడాల నుంచి వస్తోంది. వేర్వేరు ఇళ్లలో పెరిగిన సమరూప కవలలను 1979 నుంచి వెతికి పట్టుకున్న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం థామస్ బుషార్డ్ బృందం కూడా అటూ ఇటుగా ఇదే చెప్పింది. నాలుగు వారాల వయసులో విడిపోయి 39 ఏళ్లకు కలుసుకున్న, ఇద్దరికీ జిమ్ అనే పేరే ఉన్న కవలల కథ ఆ పరిశోధనతో పాటే ప్రపంచమంతా పాకింది. ఇద్దరి మొదటి భార్యల పేర్లూ ఒకటే, కుక్కల పేర్లూ ఒకటే అని ఆ కథను రుచిగా చెబుతారు. భార్య పేరును నిర్ణయించే జన్యువేదీ లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టడమే మేలు.

40 శాతం అన్న అంకెను అర్థం చేసుకోవడంలో కూడా పొరపాట్లు జరుగుతాయి. ఒక మనిషి కోపంలో 40 పాళ్లు తాతదీ, 60 పాళ్లు ఊరిదీ అని దాని అర్థం కాదు. ఒక జనాభాలో మనుషుల మధ్య ఉన్న తేడాలను వివరించే లెక్క అది, అంతే. మనిషి చేతికి ఐదు వేళ్లుండటం పూర్తిగా జన్యువుల పనే. అయినా వేళ్ల సంఖ్యలో 'అనువంశికత', అంటే తేడాల్లో జన్యువుల వాటా, లెక్క కడితే చాలా తక్కువ వస్తుంది. ఎందుకంటే నాలుగు వేళ్లున్నవాళ్లలో ఎక్కువమందికి ఆ వేలు యంత్రంలోనో ప్రమాదంలోనో పోయి ఉంటుంది. పరిస్థితులు మారితే అంకె మారుతుంది. అందరికీ ఒకే తిండి, ఒకే బడి, ఒకే భద్రత ఉన్న సమాజంలో అనువంశికత పెరుగుతుంది. అక్కడ తేడాలు రావడానికి జన్యువులు తప్ప పెద్దగా ఇంకేమీ మిగలదు గనుక.

మరి ఆ జన్యువులు ఎక్కడున్నాయి? 2018లో దాదాపు 4 లక్షల 49 వేల మంది డీఎన్ఏను మొత్తంగా గాలించిన ఒక అధ్యయనం, త్వరగా కలత చెందే గుణంతో సంబంధం ఉన్న 136 చోట్లను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం కంటికి ఆనదు. అవన్నీ కాక, పరీక్షకు అందిన లక్షలాది సాధారణ తేడాలను మొత్తం కూడినా మనుషుల మధ్య వ్యత్యాసంలో 10 శాతం దగ్గరే ఆగింది. కవలల లెక్కలో వచ్చిన 40కి, ఇక్కడ దొరికిన 10కి మధ్య గండి ఇంకా పూడలేదు. అరుదైన డీఎన్ఏ మార్పుల్లో కొంత దాగి ఉండవచ్చు. సమరూప కవలలను చుట్టుపక్కలవాళ్లు ఒకేలా చూడటం వల్ల కవలల లెక్కే కొంత ఉబ్బి ఉండవచ్చు. 1996లో ఒక్క ముక్కకు కట్టిన 3, 4 శాతం విలువ ఇప్పుడు నవ్వు తెప్పించే అంకె.

ఇక కష్టాల సంగతి. ఇక్కడ ఆధారాలు చాలా గట్టివి. కాకపోతే అవి 'ఏ కష్టం' అన్నదానికంటే 'ఏ వయసులో, ఎంతకాలం, పక్కన ఎవరున్నారు' అన్న మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి.

ఆపద కనిపించగానే మెదడులోని హైపోథాలమస్ నుంచి కబురు పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు వెళుతుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ విడుదలవుతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఒళ్లంతా అప్రమత్తమవుతుంది. ఈ కార్టిసాలే మళ్లీ మెదడుకు చేరి, ముఖ్యంగా హిప్పోక్యాంపస్ అనే భాగంలో దాన్ని అందుకునే గ్రాహకాలను తాకి, 'ఇక చాలు' అని చెబుతుంది. టెన్షన్ రావడం ఎంత సహజమో, తగ్గడం కూడా అంతే సహజంగా జరగాలి. గ్రాహకాలు తక్కువుంటే ఆ 'ఇక చాలు' ఆలస్యంగా వినిపిస్తుంది. చిన్న విషయానికే గుండెలు బాదుకుంటూ గంటల తరబడి తేరుకోలేని స్వభావం వెనక ఇది కొంతైనా ఉంటుంది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ ఎలుకల్లో చూపించింది దీన్నే. కొన్ని తల్లి ఎలుకలు పిల్లలను ఎక్కువగా నాకుతాయి, కొన్ని తక్కువగా. ఎక్కువ నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక తక్కువ బెదురుతాయి. ఇది తల్లి జన్యువుల వల్లేమోనని పిల్లలను మార్చి చూశారు. కన్నతల్లి ఎవరైనా, పెంచిన తల్లి తీరే పిల్లకు వచ్చింది. 2004లో మీనీ, మోషె సిఫ్‌లు దాని వెనకున్న రసాయన కారణాన్ని కూడా చూపారు. తక్కువ నాకిన తల్లుల పిల్లల్లో కార్టిసాల్ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు మీద మిథైల్ గుర్తులు (డీఎన్ఏకు అంటుకునే చిన్న రసాయన ముద్రలు) పడి, అది తక్కువగా పనిచేస్తోంది. జన్యువు అక్షరాలు మారలేదు, వాడకం మారింది. ఎపిజెనెటిక్స్ అని ఇప్పుడు ప్రతి వాట్సాప్ గ్రూపులో వినిపించే మాటకు ఇంత పేరు తెచ్చినవాటిలో ఈ ఎలుకలు ముఖ్యం.

మనుషులకు దీన్ని వర్తింపజేయడంలో మాత్రం చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవాలి. చిన్నతనంలో హింసకు గురై ఆత్మహత్య చేసుకున్న 12 మంది మెదళ్లలో ఇలాంటి గుర్తులే ఉన్నాయని 2009లో చూపారు. నాజీ మారణహోమం నుంచి బయటపడినవారి ప్రభావం బిడ్డల్లో కనిపించిందన్న 2015 నాటి పరిశోధనలో 32 మంది బాధితులు, 22 మంది సంతానం మాత్రమే ఉన్నారు. ఇంత చిన్న గుంపుల మీద 'తాతల బాధ మనవల డీఎన్ఏలో' అనే శీర్షికలు కట్టేయడం, 2003 తర్వాత జరిగిన తప్పునే మళ్లీ చేయడం. తాత తాగి కొడితే తండ్రి బెదురుతూ పెరగడం, ఆ తండ్రి తన పిల్లలతో ముభావంగా ఉండటం జరుగుతుంది. కష్టం తరాలు దాటడానికి ఆ దారి ఒక్కటే చాలు, మిథైల్ గుర్తులు లేకపోయినా.

మనిషి పిల్లల్లో తిరుగులేని ఆధారం రొమేనియా నుంచి వచ్చింది. జనాభా పెంచాలని నికోలే చౌషెస్కు 1966లో గర్భస్రావాన్ని నిషేధించాడు. సాకలేని తల్లిదండ్రులు పిల్లలను సర్కారు అనాథాశ్రమాల్లో వదిలారు. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు అలాంటి చోట్ల ఉన్నారు. వరసగా ఊచల మంచాలు, ఒక్కో ఆయాకు లెక్కకు మిక్కిలి పసివాళ్లు, సీసాతో పాలు తప్ప ఎత్తుకునేవాళ్లు, మాట్లాడేవాళ్లు లేరు. వీళ్లలో కొందరిని తర్వాత బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్నాయి. మైకేల్ రట్టర్ మొదలుపెట్టిన అధ్యయనం అలా వెళ్లిన 165 మందిని పెద్దయ్యేదాకా వెంబడించింది.

ఆరు నెలలు నిండకముందే ఆశ్రమం నుంచి బయటపడినవాళ్లు బ్రిటన్‌లోనే పుట్టి దత్తతకు వెళ్లిన పిల్లల్లాగే పెరిగారు. ఆరు నెలలు దాటి అక్కడ ఉన్నవాళ్లలో మాత్రం తేడాలు పాతికేళ్ల వయసులో కూడా కనిపించాయి. నిలకడలేమి, కుదురులేని చురుకు, ముక్కూ మొహం తెలియనివాళ్లతోనైనా సంకోచం లేకుండా కలిసి వెళ్లిపోవడం. ఈ చివరిది చూసేవాళ్లకు కలివిడితనంలా అనిపిస్తుంది. తన వాళ్లెవరు, పరాయివాళ్లెవరు అన్న తేడా మనసులో కట్టుకోవాల్సిన నెలల్లో ఎవరూ లేకపోవడమే దానికి మూలం. 2017లో అచ్చయిన ఫలితాల్లో ఆశ్చర్యపరిచే సంగతులు రెండున్నాయి. చిన్నప్పుడు వెనకబడిన తెలివితేటలు పెద్దయ్యేసరికి చాలావరకు కోలుకోగా, టెన్షన్, డిప్రెషన్ లాంటి ఇబ్బందులు యవ్వనంలో కొత్తగా తలెత్తాయి. అంత కరువులో ఆరు నెలలకు మించి గడిపినవాళ్లలో కూడా ఐదో వంతు మందికి ఏ దశలోనూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఈ అధ్యయనానికి ఒక అభ్యంతరం ఉంది. తెలివైన, ఆరోగ్యంగా ఉన్న పిల్లలనే దత్తత తల్లిదండ్రులు ముందుగా ఎంచుకుని ఉండవచ్చు కదా? బుకారెస్ట్‌లో చార్ల్స్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్ల్స్ జీనా 2000 సంవత్సరం ప్రాంతంలో మొదలుపెట్టిన ప్రయోగం దీనికి జవాబిచ్చింది. ఆశ్రమాల్లోని 136 మంది పసివాళ్లలో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు పంపారు. పిల్లల జీవితాల మీద లాటరీ ఏమిటని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు. అప్పట్లో ఆ నగరంలో పెంపుడు కుటుంబాల వ్యవస్థ దాదాపు లేదు, ఆ సగం మందికి దాన్ని కొత్తగా ఏర్పాటు చేసింది ప్రయోగమే. వాళ్లకు పన్నెండేళ్ల వయసు వచ్చాక, నలుగురి ముందు మాట్లాడించడం లాంటి పనులు పెట్టి ఒంట్లో ఒత్తిడి స్పందనను కొలిచారు. ఆశ్రమంలోనే ఉండిపోయిన పిల్లల్లో అది మందగించి ఉంది. కార్టిసాల్ లేవాల్సినంత లేవలేదు. రెండేళ్ల లోపే కుటుంబంలోకి వెళ్లినవాళ్లలో అది మామూలు పిల్లల్లాగే ఉంది. రెండేళ్లు దాటాక వెళ్లినవాళ్లకు ఆ మేలు పెద్దగా అందలేదు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్నమాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదనిపిస్తుంది. కానీ ఆ ఐదో వంతు మంది సంగతి ఏమిటి? ఒకే ఆశ్రమం, ఒకే ఆకలి, ఒకే ఒంటరితనం. అయినా వాళ్లకేం కాలేదు. జన్యువులు ఇక్కడ మళ్లీ తలుపు తడతాయి.

ఒక్క జన్యువు పేరు కూడా ఎత్తకుండా ఈ ప్రశ్నకు చక్కటి జవాబు 1995లోనే వచ్చింది. అమెరికాలోని వర్జీనియాలో కెన్నెత్ కెండ్లర్ ఆడ కవలలను పరిశీలించాడు. సమరూప కవలల్లో ఒకరికి డిప్రెషన్ లేకపోతే రెండోవారికి జన్యు ముప్పు తక్కువనుకోవచ్చు. ఒకరికి ఉంటే రెండోవారికి ఎక్కువనుకోవచ్చు. ముప్పు తక్కువున్నవారికి, పెద్ద కష్టమేదీ రాని నెలలో డిప్రెషన్ మొదలయ్యే అవకాశం 0.5 శాతం. ఆత్మీయుల మరణం, విడాకులు లాంటి పెద్ద దెబ్బ తగిలిన నెలలో 6.2 శాతం. ముప్పు ఎక్కువున్నవారికి ఇవే అంకెలు 1.1, 14.6. మామూలు నెలల్లో రెండు వర్గాలకూ తేడా ఒక శాతం కూడా లేదు. దెబ్బ తగిలాక ఎనిమిది శాతం దాటింది. కాస్పీ చెప్పాలనుకున్న కథ సారం ఇదే. ఆయన పొరబడింది, దాన్నంతా ఒకే జన్యువు నెత్తిన పెట్టడంలో. ముప్పు కుటుంబాల్లో ఉంది, వేలాది తేడాల మధ్య చెల్లాచెదురుగా ఉంది. పొట్టి ముక్కలో లేదు.

కెండ్లరే నాలుగేళ్ల తర్వాత ఇంకో మెలిక చూపించాడు. కష్టాలు, డిప్రెషన్‌ల మధ్య కనిపించే సంబంధంలో సుమారు మూడో వంతు కష్టం వల్ల వచ్చింది కాదట. కుంగిపోయే స్వభావం ఉన్నవాళ్లు తెలియకుండానే కష్టాలొచ్చే పరిస్థితుల్లోకి నడవడం వల్ల వచ్చిందట. భూకంపాన్ని ఎవరూ కోరి తెచ్చుకోరు. కానీ భార్యాభర్తల గొడవలు, ఉద్యోగం వదిలేయడం, స్నేహితులతో చెడటం లాంటివాటిలో మన తీరుకు కూడా వాటా ఉంటుంది. పసివాళ్ల విషయంలో కూడా అంతే. 1996లో అమెరికాలో దత్తత కుటుంబాల మీద జరిగిన ఒక పరిశోధనలో, కన్నతల్లికో తండ్రికో మానసిక సమస్యలున్న పిల్లలతో పెంచిన తల్లిదండ్రులు ఎక్కువ కఠినంగా ఉన్నట్టు తేలింది. వాళ్లకు ఆ కన్నవాళ్లతో రక్తసంబంధం లేదు. పిల్లలు పుట్టుకతో తెచ్చుకున్న మొండితనమో చిరాకో పెద్దలకు విసుగు పుట్టించింది, ఆ విసుగు పిల్లల మొండితనాన్ని ఇంకా పెంచింది. ఇలాంటి చోట జన్యువు వాటా ఇంత, పెంపకం వాటా ఇంత అని గీత గీయడం కుదరదు. ఒకటి రెండోదాని దారిలోనే నడుస్తోంది. తప్పు పిల్లలదని చెప్పడానికి దీన్ని వాడుకోవడం మాత్రం అన్యాయం. ఆ ఇద్దరిలో తీరు మార్చుకోగల వయసు పెద్దవాళ్లదే.

పెద్దయ్యాక తగిలే దెబ్బలు స్వభావాన్ని ఎంత మారుస్తాయి? సినిమాల్లో ఒక్క సంఘటనతో హీరో పూర్తిగా మారిపోతాడు. లెక్కలు అంత నాటకీయంగా లేవు. 2000లో 152 దీర్ఘకాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, పదిమందిలో మన స్వభావం స్థానం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే సూచిక (1 అంటే అసలు మారనట్టు) చిన్నతనంలో 0.31, ముప్పై ఏళ్లకు 0.64, యాభై దాటాక 0.74గా తేలింది. వయసుతో పాటు స్వభావం గట్టిపడుతుంది గానీ పూర్తిగా గడ్డకట్టదు. కోవిడ్ ఒక పెద్ద పరీక్ష పెట్టింది. అమెరికాలో 7,109 మందిని చూసిన అధ్యయనంలో, 2020లో అందరూ ఊహించినదానికి విరుద్ధంగా కలత చెందే గుణం కాస్త తగ్గింది కూడా. 2021, 2022 వచ్చేసరికి యువతలో మాత్రం క్రమశిక్షణ, సర్దుబాటు తగ్గి, కలత పెరిగింది. మామూలుగా పదేళ్లలో వచ్చేంత మార్పు రెండేళ్లలో వచ్చింది. పెద్ద వయసువాళ్లలో దాదాపు ఏ మార్పూ లేదు. ఇదే కాలంలో చదువులు ఆన్‌లైన్‌లో వెలగబెట్టి, ఉద్యోగాల తొలి ఏళ్లు ఇంట్లోంచే గడిపిన మన పిల్లల మీద ఇలాంటి దీర్ఘకాల కొలత ఒకటి ఉంటే ఎంత బాగుండేది.

స్వభావం మంచివైపు కూడా కదులుతుంది. 207 అధ్యయనాలను కలిపి బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2017లో చూపిన ప్రకారం, సగటున 24 వారాల చికిత్సతో కలత చెందే గుణం గుర్తించదగ్గంత తగ్గింది, ఆ తగ్గుదల తర్వాత కూడా నిలిచింది. 'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు' అనేవాళ్లకు ఈ ఆరు నెలల లెక్క చూపించాలి.

జన్యువులు, కష్టాలు రెండూ కలిపినా ఇంకా మిగిలేది ఉంది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 40 ఎలుకలను ఒకే పెద్ద గూట్లో పెట్టారు. డీఎన్ఏ అన్నింటిదీ ఒకటే, తిండీ నీళ్లూ గూడూ ఒకటే, వాటికి పెట్టిన బాధలేమీ లేవు. మూడు నెలల్లో కొన్ని గూడంతా కలియతిరిగేవిగా, కొన్ని మూల వదలనివిగా తేలాయి. తిరిగేవాటి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు ఎక్కువగా పుట్టాయి. మొదటి రోజు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిరగడం లాంటి చిన్న యాదృచ్ఛికాలు పోగుపడి అంత తేడా తెచ్చాయని 2013లో ఈ ఫలితం అచ్చేసినవారి వాదన. ఒకే ఇంట్లో పెరిగిన సమరూప కవలల స్వభావాలు కూడా పూర్తిగా ఒకటి కావన్నది గుర్తుంటే, ఈ వాదన కొట్టిపారేయదగ్గది కాదు.

ఈ విషయం పరిశోధనశాలలు దాటినప్పుడల్లా నష్టం జరిగింది. మెదడులో సెరటోనిన్ లాంటి రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసే ఎంఏఓఏ అనే మరో జన్యువు ఉంది. 1993లో నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబంలో అది పూర్తిగా పాడైన మగవాళ్లు హింసాత్మకంగా ప్రవర్తిస్తున్నారని కనుగొన్నారు. అది అత్యంత అరుదు. దాని మామూలు 'మందకొడి' రూపం మగవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఉంటుంది. చిన్నతనంలో హింస అనుభవించి, ఈ రూపం కూడా ఉన్న మగపిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా నేరాల వైపు వెళ్లారని 2002లో డునెడిన్ బృందమే రాసింది. తర్వాతి పరిశోధనల్లో ఈ ఫలితం సెరటోనిన్ కథ అంత ఘోరంగా కూలలేదు, పలచగా నిలిచింది. ఈలోగా దానికి 'యోధుల జన్యువు' అని పేరు పడింది. 2006లో న్యూజిలాండ్ పరిశోధకుడొకరు అది ఆ దేశపు మూలవాసులైన మావోరీలలో ఎక్కువని ఒక సదస్సులో చెప్పగానే, ఒక జాతిలో నేరాలకు, పేదరికానికి జన్యువే కారణమన్నట్టు పత్రికలు రాశాయి. భూములు పోగొట్టుకున్న చరిత్ర ఎవరికీ గుర్తు రాలేదు. 2009లో ఇటలీలోని ట్రియెస్ట్ అప్పీలు కోర్టు ఒక హత్య కేసులో ఈ జన్యువును కూడా చూసి శిక్షలో ఏడాది తగ్గించింది. మూడో వంతు మగవాళ్లలో ఉన్నది ఒక్కడికి మినహాయింపు ఎలా అవుతుందో ఆ తీర్పు చదివినవాళ్లకే తెలియాలి.

మన దగ్గర ఈ బేరం ఇంకో రూపంలో నడుస్తోంది. వేలిముద్రలు చూసి పిల్లల తెలివి, స్వభావం చెబుతామనే డీఎంఐటీ పరీక్షలు హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల బళ్లలోకే వచ్చాయి. వాటికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ స్పష్టంగా చెప్పింది. ఉమ్మితో డీఎన్ఏ పరీక్ష చేసి పిల్లవాడు నాయకుడవుతాడా, భయస్థుడవుతాడా అని చెబుతామనేవాళ్లు ఇంకాస్త ఆధునికంగా కనిపిస్తారు. వాళ్లు చూసే జన్యువుల జాబితాల్లో 2019లో తేలిపోయిన ఆ పాత పేర్లు ఇప్పటికీ దొరుకుతాయి. లక్షల మందితో చేసిన కొత్త అధ్యయనాల నుంచి, ఎన్నో డీఎన్ఏ తేడాలను కూడి కట్టే స్కోర్లు వాడినా ఒక చిక్కు తప్పదు. ఆ లక్షల మందిలో అత్యధికులు యూరప్ సంతతివారు. వాళ్ల మీద తయారైన స్కోర్లు ఇతర జనాభాల్లో సరిగ్గా పనిచేయవని పదే పదే తేలింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా ప్రాజెక్టు పదివేల మంది భారతీయుల డీఎన్ఏను చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచింది. అది కూడా స్వభావాన్ని కొలిచే ప్రాజెక్టు కాదు.

కాబట్టి ప్రస్తుతానికి ఒక తెలుగు పిల్ల ఎంత బెదురుగా ఉంటుందో డీఎన్ఏ చూసి చెప్పగలిగేవారు ఎవరూ లేరు. డిప్రెషన్‌తో వచ్చినవాళ్లను సైకియాట్రిస్టు మొదట అడిగే ప్రశ్నల్లో 'ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా', 'ఈ ఏడాదిలో ఏమైనా జరిగిందా' అనేవి రెండు ఉంటాయి. కెండ్లర్ కవలల్లో కొలిచింది కూడా ఆ రెండింటినే. ఏ ఉమ్మి పరీక్ష కంటే ఎక్కువ చెప్పే ఆ ప్రశ్నలకు విడిగా ఫీజు లేదు. ఇంట్లో ఎవరికో ఉన్న జబ్బును పెళ్లి సంబంధాల భయంతో దాచేస్తే మాత్రం మొదటి ప్రశ్నకు తప్పుడు జవాబే వస్తుంది.